నోరు మూయని ఆల్చిప్పలు

మాఘ బహుళ తదియ

పొద్దుటి పోటు. జెండా పచ్చ. నీటి గేటు తెరిచే ఉంది.

అంకెలు యంత్రం రాసుకుంటుంది. కంటికి కనిపించింది కాపరి రాయాలని నిబంధన. నేను తెప్పలగట్టు చిప్పల కాపరిని, పేరు పైడితల్లి. రాస్తున్నాను.

ఇవాళ తాళ్ళన్నీ పైకి లాగి, ఆల్చిప్పల మీద పేరుకున్న సున్నపు పొక్కులు గీకాను. ఒక్కోదాని పెంకుకి అంటించిన బిళ్ళలు చూశాను. ఊడినవాటికి మళ్ళీ జిగురు పెట్టాను. చిప్ప తెరుచుకుంటే బిళ్ళ దూరం జరుగుతుంది, మూసుకుంటే దగ్గరికొస్తుంది. యంత్రానికి తెలిసేది అంతే. నీళ్ళలో విషం తగిలితే చిప్ప మూసుకుంటుంది. సగానికి పైగా మూసుకుంటే జెండా ఎర్రబడుతుంది. సముద్రపు నీళ్ళు తీపి చేసి మా ఇళ్ళకి పంపే మరకి గేటు పడిపోతుంది. ఎర్ర జెండా ఉన్నన్నాళ్ళు పడవలు వేటకి పోకూడదు, మా రేవు చేపని ఏ లారీవాడూ కొనడు. అప్పుడు గేటు ఎత్తమని కలెక్టరు చెప్పినా లేవదు. చిప్పలు తెరుచుకోవాలి. మనుషులు రాసిచ్చిన కాగితాలు నమ్మి మా అమ్మ తరం సగం పోయాక ఈ చట్టం వచ్చింది. మనుషులు అబద్ధం చెప్తారు, చిప్పలు చెప్పవు అనుకున్నారు.

వానలు వెళ్ళినప్పటి నుంచి జెండా ఒక్కసారీ ఎర్రబడలేదు. ఇవి గట్టి రకం. గడ్డల మిల్లు వాళ్ళు ఉచితంగా ఇచ్చారు. సముద్రం అడుగు నుంచి లోహపు గడ్డలు తవ్వి తెచ్చి కరిగించే మిల్లు అది. మా గట్టుకి ఎగువన ఉంది. దాని గొట్టం మా రేవు పక్కనే సముద్రంలోకి దిగుతుంది.

పని అయ్యాక నూకాలు వదిన కొట్టులో టీకి ఆగాను. నూకాలు మా పెద్దనాన్న కోడలు. పొయ్యి మీద మరుగుతున్న గిన్నెని మసిగుడ్డ లేకుండా రెండు చేతులతో పట్టి దించింది.

"నీ సేతులు ఇనపవేటే వదినా?" అన్నాడు మా తమ్ముడు ఎల్లాజీ.

"మీ అన్న తిట్లలాగే ఇదీ నాకు తగల్డం మానీసింది రా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత గ్లాసు అందించినప్పుడు ఆమె అరచెయ్యి చూశాను. బొబ్బలు పొక్కి, చితికి, తడిగా ఉన్నాయి. ఆమె వాటివైపు చూడనైనా లేదు.

బహుళ దశమి

జెండా పచ్చ.

ఎల్లాజీ చిటికెన వేలు పోయింది. వల లాగే చక్రంలో పడింది. ఒడ్డుకి వచ్చేదాకా పడవలో ఎవరికీ తెలియదు. వాడికీ తెలియదు.

"వల మీద రగతం సూసి, ఏ సేపదో అనుకున్నాను అప్పా," అన్నాడు. "నా సెయ్యే అని తరవాత సూసేను."

ఆస్పత్రిలో కట్టు కట్టి నొప్పికి మాత్రలిచ్చారు. వాడు వద్దన్నాడు. ఎందుకని అడిగితే నొప్పి లేదన్నాడు. డాక్టరు వాడి ముఖంలోకి కాసేపు చూసి, మా ఊరు ఏదని అడిగి, చెప్పాక ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడం నాకు నచ్చలేదు.

దారిలో వాడితో అన్నాను. "నీళ్ళలో ఏదో ఉందిరా."

"జెండా పచ్చగా ఉంది కదా."

"నూకాలు చేతులు చూశావా? నీ చెయ్యి చూసుకున్నావా?"

"జెండా పచ్చగా ఉందప్పా," అన్నాడు మళ్ళీ. బస్సులో నాకు దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

గట్టి రకం తెద్దామని రచ్చ మీద అందరికంటే గట్టిగా అరిచింది వీడే. పాత చిప్పలు సముద్రంలో ఉన్న మా ఒంటిబండ మీద పుట్టినవి. గొట్టంలో నీళ్ళు కాస్త రంగు మారినా మూసుకునేవి. పడవలు ఇసుకలో పడి ఉండేవి. "పిరికి సిప్పలు. వాటిని నమ్ముకుంటే మన పడవలకి సెదలు పడతాది," అన్నాడు. ఊరు చప్పట్లు కొట్టింది. మిల్లు బండి వచ్చి కొత్తవి దింపి వెళ్ళింది.

అమావాస్య

మొన్నటి నుంచి మిల్లు ఆగింది. కొలిమి బాగుచేసుకుంటున్నారట. గొట్టం ఎండింది. నిన్న సాయంత్రానికి రేవులో నీళ్ళు తేటబడ్డాయి. తాడు చివర కట్టిన రాయి కూడా కనబడింది. రాయి మీద ఒక పీతపిల్ల తిరుగుతోంది. అలా చూసి ఎన్నాళ్ళయిందో.

ఇవాళ పొద్దుటి పోటుకి జెండా ఎర్రబడింది.

యంత్రం చెడిందనుకుని తాళ్ళు లాగాను. చెడలేదు. చిప్పలన్నీ బిగుసుకుని ఉన్నాయి. కత్తి మొన దూర్చబోయినా తెరుచుకోలేదు.

గంట తిరక్కుండా మిల్లు బండి మైకుతో వచ్చింది. "మా మిల్లు ఆగి ఉంది. మీ జెండా ఎర్రబడింది. విషం మాది కాదని మీ చిప్పలే చెప్పాయి. మీ పడవల నూనె చూసుకోండి, మీ సబ్బులు చూసుకోండి." గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది.

ఊరు దాన్ని నమ్మింది. అదీ నాకు మండింది. ఊరి పెద్ద పోలిరాజు చిన్నాన్న రేవులో బట్టలుతకడం ఆపించాడు. ఎవరి పడవ నూనె కారుతోందో అని ఒకరినొకరు తిట్టుకున్నారు. రెండు ఇళ్ళ వాళ్ళు కొట్టుకున్నారు.

నేను రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళవైపు చూశాను. ఇంత తేటగా ఉన్న నీళ్ళకి భయపడి మూసుకున్నాయి. రంగు నీళ్ళలో ఇన్నాళ్ళూ హాయిగా నోరు తెరుచుకుని ఉన్నాయి.

ఫాల్గుణ శుద్ధ విదియ

మిల్లు మళ్ళీ నడుస్తోంది. నీళ్ళు ఎర్రమట్టి రంగు. చిప్పలు తెరుచుకున్నాయి. జెండా పచ్చ.

మిల్లుకి వెళ్ళాను. చిప్పల విభాగం చూసే నిరంజని గారు లోపలికి పిలిచి కుర్చీ వేశారు. చిన్న వయసు. మంచిగా మాట్లాడే మనిషి. కాఫీ తెప్పించారు.

"అవి మంచి నీళ్ళకి మూసుకుంటున్నాయి," అన్నాను.

"అవునమ్మా. అవి మేం నీళ్ళు వదిలే చెరువులో పుట్టాయి. వాటి ముందు తరాలూ అక్కడివే. ఆ నీళ్ళే వాటికి ఇల్లు. వేరే నీళ్ళొస్తే బెదురుతాయి."

దాస్తారనుకుని వచ్చాను. దాచలేదు. దాంతో నేను తెచ్చుకున్న మాటలన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"ఇచ్చేటప్పుడు మీకు తెలుసా?"

"తెలియకుండా ఎలా పెంచుతాం?"

"మరి చట్టం?"

"తాళ్ళ మీద చిప్పలుండాలని చట్టం. ఎక్కడ పుట్టిన చిప్పలో రాయలేదు. పైగా మేం అంటగట్టలేదు కదమ్మా. మీ ఊరే అడిగింది. పాతవి కట్టుకుంటామంటే ఇప్పుడైనా కట్టుకోండి. మేం ఆపం." కొంచెం ఆగి, "కట్టుకోరులెండి," అన్నారు. ఆ మాట ఎగతాళిగా అనలేదు. రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పారు.

"మా వాళ్ళ చేతులకి స్పర్శ పోతోంది."

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దారు. "దాని గురించి నేను మాట్లాడకూడదు."

కాఫీ తాగాను. అది మా గేటు నీళ్ళతో పెట్టింది కాదు. నాలుకకి తెలిసింది. అంత మంచి కాఫీ తాగి ఏళ్ళయింది. ఇంటికొచ్చాక కూడా ఆ రుచి నోట్లో ఉండిపోయింది. దాని మీద కోపం ఇంకా దిగలేదు.

శుద్ధ షష్ఠి

జెండా పచ్చ. ఎవరూ దానివైపు చూడక్కర్లేదని ఇవాళ రచ్చ మీద చెప్పాను.

నిరంజని గారన్నది అన్నట్టే చెప్పాను. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత నమ్మారు. నమ్మాక నా మీద అరిచారు.

చెయ్యగలిగింది ఒక్కటే ఉంది. పున్నమి పోటు నుంచి అమావాస్య పోటు దాకా జెండా వరసగా ఎర్రగా ఉంటే చట్టం ప్రకారం మిల్లు గొట్టానికి సీలు పడుతుంది. నీళ్ళు పరీక్ష చేసేదాకా తియ్యరు. మధ్యలో ఒక్క పోటుకి పచ్చబడినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పాత చిప్పలతో రెండుసార్లు మొదలుపెట్టాం. రెండుసార్లూ ఊరు సగంలో తాళలేక, తాడు తీసి, ఒంటిబండ దగ్గర నుంచి తొట్టెలో తెచ్చిన నీళ్ళలో ముంచి చిప్పల్ని తెరిపించింది. ఎందుకంటే ఆ పక్షం అంతా గేటు పడే ఉంటుంది. తాగడానికి నీళ్ళుండవు. వేట ఉండదు.

"పచ్చం రోజులా?" అన్నాడు పోలిరాజు చిన్నాన్న. "పిల్లా జెల్లా ఏటి తాగుతారే? నీకేటి, ఒంటి మనిసివి."

"ఇప్పుడేం తాగుతున్నారు చిన్నాన్నా?"

"నాకేటీ కాలేదు. నా సేతులు బాగానే ఉన్నాయి."

అందర్నీ కళ్ళు మూసుకుని అరచేతులు చాపమన్నాను. వల అల్లే దారంతో వేసిన చిన్న ముడి ఒక్కొక్కరి చేతిలో పెడతాను, తగిలినప్పుడు చెప్పమన్నాను. కుర్రాళ్ళలో కొందరు వెంటనే చెప్పారు. ఆడవాళ్ళలో చాలామంది ఆలస్యంగా చెప్పారు. నూకాలు చెప్పలేదు. ఎల్లాజీ చెప్పలేదు.

పోలిరాజు చిన్నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక విసుక్కున్నాడు. "నాకు పెట్టవేటే? ఎంతసేపని సాపుకుని కూకోను?"

ముడి అప్పటికే ఆయన చేతిలో ఉంది.

ఆయన కళ్ళు తెరిచి చేతిలోకి చూసుకున్నాడు. ముడిని అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత దాన్ని నేలకేసి కొట్టి లేచాడు.

"పున్నానికి కట్టండి," అన్నాడు.

పౌర్ణమి

తెల్లవారాక మూడు పడవలు ఒంటిబండకి వెళ్ళాయి. అది గాలివాటున దూరంగా ఉంది. మిల్లు నీళ్ళు అక్కడిదాకా పోవు. బండ మీది చిప్పల్ని పీకకూడదు, వేళ్ళు తెగుతాయి. వాటి పీచుని కత్తితో కొయ్యాలి. స్పర్శ లేని చేతులతో కోశారు. బుట్టల్లో చిప్పలతో పాటు రక్తం కూడా ఉంది.

గట్టు మీద వరసగా కూర్చుని బిళ్ళలు అంటించాం. గట్టి రకాన్ని తాళ్ళ నుంచి కోసేశాం. ఎల్లాజీ వాటిని బుట్టకెత్తుకుని వెళ్ళి మిల్లు గేటు ముందు కుమ్మరించి వచ్చాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"కాపలావోడు బుట్ట కూడా ఇచ్చీమన్నాడు. మా ఆవిడ సంపుతాదని తెచ్చీసేను."

కొత్త తాళ్ళు నీళ్ళలోకి వదిలాం. మా చిప్పలు కాసేపు తెరుచుకుని చూశాయి. తర్వాత ఒక్కొక్కటే మూసుకున్నాయి. జెండా ఎర్రబడింది. గేటు పడ్డ చప్పుడుకి రేవులో కుక్కలు లేచి మొరిగాయి.

బహుళ చవితి

జెండా ఎర్ర. గేటు మూత.

గొల్లపేట వాళ్ళు తమ బావి నుంచి ఇంటికొక బిందె తోడుకోనిస్తున్నారు. వాళ్ళకీ లేవు. అయినా ఇచ్చారు. తోడేటప్పుడు వాళ్ళ ముసలాయన ఒకాయన దగ్గర నిలబడి నీళ్ళు ఒలకకుండా చూస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం.

ఇవాళ మిల్లు ట్యాంకరు వచ్చింది. గట్టి రకం మళ్ళీ కడితే రోజూ వస్తుందట. డ్రైవరు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

నూకాలు గ్లాసు తీసుకెళ్ళింది. "ముందు నువ్వు తాగి సూపించు బావూ."

అతను కుళాయి తిప్పి గ్లాసు నింపుకుని గటగటా తాగాడు. ఇంకోటి కూడా పట్టుకుని తాగాడు. మూతి తుడుచుకున్నాడు. మంచి నీళ్ళు. ఎండలో మెరుస్తున్నాయి.

విషం ఉండి ఉంటే బాగుండేది. వీళ్ళ దగ్గర ఇంత మంచి నీళ్ళున్నాయి. ఇన్నాళ్ళూ ఉన్నాయి. గొట్టం అవతలి వైపు కూర్చుని ఇవే తాగారు.

కొందరు బిందెలతో వచ్చి నిలబడ్డారు. వాళ్ళని ఎవరూ ఆపలేదు. ట్యాంకరు వైపు చూశారు. జెండా వైపు చూశారు. ఒకామె చంకలో పిల్ల ఏడుస్తోంది. ఆమె అందరికంటే ఎక్కువసేపు నిలబడింది. చివరికి ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది.

ట్యాంకరు నిండుగానే వెళ్ళిపోయింది.

బహుళ అష్టమి

పొద్దున జెండా ఎర్రకీ పచ్చకీ మధ్య ఊగిసలాడింది. తెరుచుకున్న చిప్పల లెక్క పెరుగుతోంది. రేవులో కేకలు వేశారు. మిల్లు భయపడి మంచి నీళ్ళు వదులుతోందని ఒకడన్నాడు.

నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. తాడు లాగాను. వాసన ముందు వచ్చింది.

చచ్చిపోతున్నాయి. మూసుకున్న చిప్ప లోపల ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. తిండి ఉండదు. ఎన్నాళ్ళో ఉండలేదు. చచ్చాక కండ వదిలేస్తుంది. పెంకులు వాటంతట అవే తెరుచుకుంటాయి. యంత్రానికి తెరుచుకున్నది తెరుచుకున్నదే. బతికి తెరిచిందా, చచ్చి తెరిచిందా దానికి తెలియదు.

ఈ నీళ్ళు వద్దని నోరు మూసుకుని చచ్చిన వాటిని చూసి, నీళ్ళు బాగున్నాయని జెండా చెప్పబోయింది. ఈ చట్టం రాసినవాళ్ళు నా ఎదురుగా ఉంటే ఆ తాడు వాళ్ళ ముక్కు కింద పెట్టేదాన్ని.

చచ్చినవి కోసేసి, బండ నుంచి తెచ్చినవాటిలో బుట్టల్లో మిగిలినవి కట్టాను. లెక్క దిగింది. జెండా ఎర్రగా నిలిచింది. పడవలు మళ్ళీ ఒంటిబండకి వెళ్ళాయి. కాపరి పని మీద వెళ్ళే పడవకి ఎర్ర జెండా అడ్డం లేదు.

బహుళ ద్వాదశి

జెండా ఎర్ర.

రోజూ చస్తున్నాయి. రోజూ తెస్తున్నాం. ఒంటిబండ బోసిపోయింది. ఇవాళ తెచ్చినవాటిలో సగం గోరంత పిల్లలు. వాటి పెంకు మీద బిళ్ళ నిలవదు. తిరిగి తీసుకెళ్ళి బండ మీద వదిలెయ్యమన్నాను. ఎల్లాజీ వదిలాడు. అవి మళ్ళీ అతుక్కుంటాయో లేదో.

పోలిరాజు చిన్నాన్న నా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆపీద్దావేటే పైడీ? బండ కూడా సచ్చిపోతంది. మన తాతల్నాటి బండ."

అదే మాట నేను నా లోపల అనుకుంటున్నాను. ఎల్లాజీ అరుగు మీద కూర్చుని మిగిలిన నాలుగు వేళ్ళతో బీడీ వెలిగించుకుంటున్నాడు. అగ్గిపుల్ల వేలిదాకా కాలినా వదల్లేదు. నేను చేత్తో కొట్టి పడేశాను.

పోలిరాజు చిన్నాన్న ఆ వేలిని చూశాడు. అది మాడిన చోట నల్లగా ఉంది.

"నాను రాలేదనుకో," అని వెళ్ళిపోయాడు.

అమావాస్య

పొద్దుటి పోటు నిండితే పక్షం పూర్తి. రేపు ఉగాది. పచ్చడి కలపడానికి నీళ్ళు దాచినవాళ్ళు కూడా నిన్ననే తాగేశారు.

తెల్లవారగానే ఎల్లాజీతో తాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పోటు ఇంకా సగంలో ఉంది. బతికున్నవి సగానికి కాస్త ఎక్కువ. చూస్తూండగానే ఒకటి నోరు తెరిచింది. కాసేపటికి ఇంకొకటి. బుట్టలు ఖాళీ. ఒంటిబండకి పోయి రావడానికి వేళ లేదు. పోయినా అక్కడ ఏమీ లేదు.

ఎల్లాజీ నడుముకున్న వలదారం ఉండ తీశాడు. తాడు పైకి లాగి, తెరుచుకున్న చిప్పని రెండు చేతుల మధ్య నొక్కి మూసి, చుట్టూ దారం తిప్పాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కట్టేత్తన్నాను."

"తప్పు. కాపరి వాటి చేత పలికించకూడదు."

"నువ్వు పలికించొద్దు. నాను కడతన్నాను." ముడి బిగించాడు. "ఇది మూసుకునే సచ్చింది అప్పా. నీ కళ్ళతో నువ్వు సూసేవు. సచ్చేక దాని నోరు ఎవుడు తెరిసేడు? నీళ్ళు తెరిసేయి. ఆ నీళ్ళెవుడివి?"

నేను వాడి చేతిలోంచి దాన్ని లాక్కున్నాను. ముడి విప్పుదామనుకున్నాను. విప్పలేదు. వాడు కట్టిన ముడి వదులుగా ఉంది. వాడి వేళ్ళకి తెలియలేదు. నేనే మళ్ళీ బిగించాను.

తర్వాత నూకాలు వచ్చి కూర్చుంది. ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చారు. వలలు అల్లే చేతులే అందరివీ. చిన్నప్పుడు ఈ ముడి చీకట్లో కూడా వేసేవాళ్ళం. ఇవాళ ప్రతి ముడినీ కళ్ళ దగ్గర పెట్టుకుని, బిగిసిందా లేదా అని చూసి వేశాం. నూకాలు దారం లాగి లాగి వేలు కోసుకుంది. పక్కనామె చెప్తే చూసుకుంది.

"ఇదేదో ముందే కట్టీసుంటే మనకీ అవస్త తప్పేది కదే," అంది నూకాలు చివరికి.

"ముందు అవే చెప్పాయి వదినా. ఇప్పుడు చెప్పడానికి లేవు."

పోటు నిండింది. జెండా ఎర్రగానే ఉంది. ఎగువన మిల్లు గొట్టం దగ్గర సైరను మోగి, ఇనప మూత దిగింది. ఇక్కడికి వినబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సీలు పడిందని తెలిసి మధ్యాహ్నం తీర తనిఖీ అధికారి పడవలో వచ్చారు. మనిషి పెద్దవారు, బూట్లు తడవకుండా జాగ్రత్తగా దిగారు. తాళ్ళు లాగించారు. చూసి నా వైపు తిరిగారు.

"ఇవి కట్టి ఉన్నాయి."

"అవునండి."

"ఎవరు కట్టారు?"

"నేను కాపరిని. నేనే కట్టానని రాసుకోండి."

"ఇది నేరమని తెలుసా?"

"తెలుసండి. ఒకటి విప్పి చూడండి."

ఆయన జేబులోంచి చిన్న కత్తి తీసి దారం కోశారు. చిప్ప అరచేతిలో తెరుచుకుంది. లోపలి నల్లటి నీరు ఆయన మణికట్టు మీదకి కారింది. ముఖం పక్కకి తిప్పుకున్నారు. కింద పారేస్తారనుకున్నాను. పారెయ్యలేదు.

"ఎన్ని ఇలా చచ్చాయి?"

"ఆ బండ మీద ఉన్నవన్నీ."

ఆయన మా చేతులవైపు చూశారు. నూకాలు వేలికి చుట్టిన గుడ్డ, ఎల్లాజీ కట్టు. రుమాలుతో మణికట్టు తుడుచుకుని, సీసాల్లో రేవు నీళ్ళు పట్టుకున్నారు. పరీక్ష అయ్యేదాకా గొట్టం సీలు అలాగే ఉంటుందన్నారు. నన్ను ఈ పని నుంచి ఇవాళ్టితో తీసేస్తున్నామన్నారు. విచారణకి రావాలన్నారు. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పారు.

"పరీచ్చలో ఏటొత్తాదండీ?" అని అడిగాడు ఎల్లాజీ.

"వచ్చాక చెప్తారు."

"మా సేతులు పరీచ్చ సెయ్యరా?"

ఆయన పడవెక్కారు.

కాపరిగా ఇదే నా చివరి రాత. చచ్చిన చిప్పలు కట్టాం. కట్టింది మేమే. చంపింది మేం కాదు. చంపినవాళ్ళ పేరు రాయడానికి ఈ రాతలో చోటు లేదు, చూసింది మాత్రమే రాయాలని నిబంధన. అయితే చూసిందంతా రాశాను.

నా తర్వాత ఇక్కడ కూర్చునేవాళ్ళకి ఒక మాట. జెండా ఏ రంగులో ఉన్నా సరే, ముందు తాడు లాగి వాసన చూడండి. తర్వాత మీ సొంత చేతిని గిల్లి చూసుకోండి.

— పైడితల్లి, తెప్పలగట్టు